ఎనిమిది నిమిషాల వీడియో

నాకు కోపం ఎక్కువ. ఈ మాట నేను చెప్పుకోనక్కర్లేదు, మా ఊరు చిన్న మంగళారంలో ఏ గడప తొక్కి అడిగినా చెబుతారు. ముప్పై ఒక్క ఏళ్లు బస్సు డిపోలో మెకానిక్‌గా చేశాను. ఇంజన్ల రొదలో అరిచి అరిచి నా గొంతు అక్కడే స్థిరపడిపోయింది. దానికి తోడు ఆరేళ్లుగా మా ఆవిడ మేరీకి చెవులు వినిపించవు, దగ్గర్లో అరిస్తే ఒకటీ అరా మాట అందుతుంది. చెవి మిషన్ పెట్టిస్తే గరగర తప్ప ఏమీ లేదని తీసి డబ్బాలో పడేసింది. ఇక నా అరుపులకు అడ్డేముంది?

ఆ ఆదివారం మా పక్కూరు ప్రొద్దుటూరు చర్చిలో మా బావమరిది నతానియేలు జ్ఞాపకార్థ కూడిక. అతను పోయి ఏడాది. మేరీకి ఒక్కగానొక్క తమ్ముడు. అక్కగా ఆమె లేచి నాలుగు మాటలు చెప్పాలి. ఆమె మాత్రం మొండికేసింది.

"ఆఖరుకు నా తమ్ముడు ఏం మాట్లాడిండో తెల్వకుండ నేను నిలబడి ఏం చెప్త? ముందుగాల ఆ వీడియో సంగతి చూడు," అంది.

ఆ వీడియో నతానియేలు చివరి రోజున దవాఖానలో తీసింది. అతని కొడుకు కృపాకర్ ఫోన్‌ను మంచం పక్క బల్ల మీద నిలబెట్టి, వీడియో నొక్కి, మందులకు పోయాడు. గదిలో మేరీ, నేను, నతానియేలు. ఎనిమిది నిమిషాలు మాట్లాడాడు. చెయ్యి మేరీ చేతిలో ఉంది, చూపు మాత్రం నా మీద. బయటికి రాగానే మేరీ నా మోచేయి పట్టుకుంది.

"ఏమన్నడు?"

"ఏం లేదు. ప్రార్థన చేయుమన్నడు," అని ఆమె చెవి దగ్గర అరిచాను.

సాయంత్రానికి అతను లేడు. కృపాకర్ ఇప్పటికీ ఆ వీడియో తెరవలేదు, బాపు గొంతు వింటే తట్టుకోలేనంటాడు. మేరీ మాత్రం దాన్ని తన ఫోన్‌లో వేయించుకుని ఏడాదిగా చూస్తూనే ఉంది. తమ్ముడి పెదవులు కదలడం చూస్తుంది, ఫోన్ మూసేస్తుంది. ఒకసారి అడిగింది, "ఎనిమిది నిమిషాలు ప్రార్థన చేయుమనే చెప్పిండా?" అని. రోగంలో ఏదో గొణిగాడులే అని కసిరాను.

వానాకాలంలో కృపాకర్ తన పాత కంప్యూటర్ తెచ్చి మా టీవీకి తగిలించాడు. అతను ఆటలాడుకోవడానికి కొన్న పెద్ద గ్రాఫిక్స్ కార్డు దాంట్లోనే ఉంది. విండోస్ బదులు లినక్స్ వేశాడు. బ్రౌజర్‌లో ఒక పేజీ పెట్టాడు. దాని ముందు ఎవరు మాట్లాడినా, దాంట్లో ఏ వీడియో పెట్టినా, మాటలన్నీ తెలుగు అక్షరాలై తెర మీద పడతాయి. ఫోన్‌లో ఆ అక్షరాలు చీమ తలకాయలంత, మేరీ కంటికి ఆనవు. టీవీలో అరచేయంత ఉంటాయి. పరీక్షకని నేను మైకు ముందు మామూలుగా "చాయ్ పెట్టు" అన్నాను. తెర మీద పడింది. మేరీ చదివి నా మొహం చూసి, "అబ్బో! ఒర్రకుండ గూడ అడగొస్తది నీకు," అంది.

మాటల వరకు బాగానే ఉంది. వీడియో పెడితేనే తంటా. పది సెకన్లు నడిచి, తెర నల్లబడి, బ్రౌజర్ మొత్తం మాయమైపోతోంది. నతానియేలు నోరు తెరుస్తాడు, కింద "బావా" అని ఒక్క మాట పడుతుంది, అంతే. ఆ ఒక్క మాటను మేరీ ఆరుసార్లు చదివింది.

"నిన్ను పిలిచి చెప్పిండు. ప్రార్థన చేయుమన్నది నిన్నా?"

నేను వినపడనట్టు లేచి పోయాను. చెవుడు ఎవరికో మీరే చెప్పండి.

గురువారం ఆ కంప్యూటర్ డబ్బాను ఆటోలో వేసుకుని చేవెళ్ల బస్టాండు దగ్గర పాండు దుకాణానికి తీసుకుపోయాను. అతను మూత కూడా విప్పలేదు.

"ఈ లినక్స్ గినక్స్ మనకెందుకు కాకా? అంత ఊడ్చేసి విండోస్ ఏస్త. లోపలున్నయి మాత్రం పోతయి."

"ఎలుకలున్నయని ఇంటికి నిప్పు పెడ్తవా? బండి ఎక్కడ ఆగిందో చూడకుండ ఇంజన్ మారుస్తనంటవేంది!" అని నాలుగు దులిపి, డబ్బా మళ్లీ ఆటోలో పెట్టుకుని వచ్చేశాను. కృపాకర్‌కు ఫోన్ చేస్తే డ్యూటీలో ఉన్నానన్నాడు.

"ఆదివారం సీదా చర్చికే వస్త మామా. గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్‌తోని లొల్లి కావచ్చు. టెర్మినల్ నుంచి బ్రౌజర్ తెరువు, చచ్చిపోయే ముందు ఏదో ఒకటి రాసి పోతది. అది చదువు."

డ్రైవర్ తప్పు అనే మాట వింటే మెకానిక్‌కు ఎంత తృప్తో మీకు తెలియదు. కూర్చున్నాను.

డిపోలో మాకు ఒక పద్ధతి ఉండేది. ఒకసారికి ఒక్కటే మార్చాలి. ఏం మార్చావో, ఏమైందో పుస్తకంలో రాయాలి. తర్వాతి షిఫ్టువాడు నిన్ను అడగకుండా, అది చదివి బండి బయటికి తీయగలగాలి. నేను నోటితో ఎన్నో అబద్ధాలాడాను గానీ ఆ పుస్తకంలో ఒక్కటీ రాయలేదు. బ్రేకు బాగుందని ఊరికే రాస్తే యాభై మంది ప్రాణాలు. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. మోటారు రిపేరుకూ మిక్సీ రిపేరుకూ ఒకటే నోటుబుక్కు.

ముందు టీవీ తీగ మార్చాను. అదే చావు. ఇంకో వీడియో పెట్టాను, పెళ్లిది. అదీ పది సెకన్లకే పోయింది, అంటే తప్పు నతానియేలు వీడియోది కాదు. బ్రౌజర్‌కు తగిలించిన చిల్లర సరుకంతా తీసేశాను. కొత్త ఖాతాతో తెరిచాను. ప్రతిదీ రాసుకున్నాను. శుక్రవారం మధ్యాహ్నం టెర్మినల్ అనే ఆ నల్ల తెరలోంచి బ్రౌజర్ తెరిచి, కళ్లద్దాలు తుడుచుకుని, చివరి వరసలు కూడబలుక్కుని చదివాను. బొమ్మలు గీసే పని చేసేది మధ్యలో చచ్చిపోయిందని ఉంది.

అప్పుడు అర్థమైంది. డిపోలో కొన్ని డీజిల్ పంపులు కంపెనీ సీలుతో వచ్చేవి. లోపల ఏముందో చూసే హక్కు మాకు లేదు. ఈ కార్డును నడిపే డ్రైవర్ కూడా అలాంటిదే. లినక్స్‌లో మిగతాదంతా ఎవరైనా విప్పి చూడొచ్చట, ఇది మాత్రం కార్డు చేసినవాళ్లు మూసి ఇచ్చింది. బ్రౌజర్ వీడియో పని ఈ కార్డుకు అప్పజెబుతోంది, అక్కడ ఇద్దరికీ పడడం లేదు. సీలు విప్పలేనప్పుడు ఏం చేస్తాం? దాన్ని పక్కన పెట్టి వేరే దారిలో నడిపిస్తాం. ఆ పని కార్డుకు అప్పజెప్పే మీట బ్రౌజర్ సెట్టింగుల్లో ఉంది, హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ అని. దాన్ని ఆపేశాను. బ్రౌజర్ మూసి, మళ్లీ తెరిచి, పెళ్లి వీడియో పెట్టాను. పది సెకన్లు, ఇరవై, నిమిషం. బొమ్మ కాస్త కుంటింది, లోపల ఫ్యాను రొద పెట్టింది, కానీ నడిచింది! ఎగిరి గంతేసినంత పని చేశాను. ఎక్కడ నొక్కాలో, ఏది ఆపాలో, మూసి తెరవాలనీ అన్నీ వరసగా నోటుబుక్కులో రాసి, కింద "నడిచింది" అని గీత కొట్టాను.

మేరీ చర్చి ఊడవడానికి పోయింది. ఇంట్లో నేనొక్కణ్నే. నతానియేలు వీడియో పెట్టాను.

"బావా," అన్నాడు. ఈసారి ఆగలేదు.

"బావా, మొన్న మా ఇంట్ల అందరి ముందట, చెవిటోని ముందు శంఖమూదినట్టు అన్నవు. అక్క పక్కనే ఉన్నది. అక్కకు ఇనబడలే, నాకు ఇనబడ్డది. అందరు నవ్విన్రు. అందరు నవ్వుతున్నరని అక్క గూడ నవ్వింది. అది చూసి నా పానం ఉసూరుమన్నది బావా..."

మధ్యలో దగ్గు. మళ్లీ మాట.

"అక్కకు చెవులే పోయినయి, తెలివి పోలే. ఇన్నేండ్లు ఏ పెండ్లిల్నైనా నేను పక్కకు కూసోని, ఎవలేమన్నరో అన్ని చెప్పేటోన్ని. ఇంక నేనుండ. ఎవలేమన్నరని అడిగితే ఏం లేదు అనకు. ఏమున్నదో చెప్పు. బర్రె ఈనిందన్న ముచ్చటైనా సరే, చెప్పు. ఒర్రకు. ఎదురుంగ కూసోని, నిమ్మళంగ చెప్పు. జర మాటియ్యి బావా."

వీడియోలో నేను తల ఊపుతూ కనిపించాను. మాటిచ్చాను. తలుపు దాటి పది అడుగులు వేయకముందే, ఏమన్నాడని ఆమె అడిగితే "ఏం లేదు" అన్నాను.

అలసి అన్న మాట కాదది. ఏడాదిగా నాకు నేను అలాగే చెప్పుకున్నాను గానీ, కాదు. సిగ్గుతో అన్నాను. ఆ శంఖం మాట ఆమెకు తెలియకూడదని అన్నాను. ఇప్పుడు ఆ మాట మా టీవీ మీద అరచేయంత అక్షరాల్లో నిలబడి ఉంది.

ఏం చెప్పను, లేచి ఆ మీటను మళ్లీ వేసేశాను. వీడియో పెట్టి చూశాను. పది సెకన్లకు బ్రౌజర్ చచ్చింది. మేరీ వచ్చి చీపురు మూలకు పెడుతూ, "అయ్యిందా?" అని అడిగింది.

"కాలే," అన్నాను.

శనివారం పొద్దున సమాధి మీదికి చామంతులు తేవడానికి చేవెళ్ల పోయాను. నోటుబుక్కు ఎప్పుడూ ఉండే చోటే, టీవీ కింది బల్ల మీదే వదిలేశాను. మరిచిపోయి వదిలానా, కావాలని వదిలానా? అడిగితే ఇప్పటికీ సూటిగా చెప్పలేను. మేరీ ఇంట్లో కనబడ్డ కాగితమల్లా చదువుతుందని మాత్రం నాకు తెలుసు. చెవులు పోయినప్పటి నుంచి ఆమెకున్న దారి అదొక్కటే.

పూల సంచి పట్టుకుని గడపలో అడుగు పెట్టేసరికి కంప్యూటర్ ఫ్యాను రొద వినిపించింది. మేరీ కుర్చీ టీవీకి దగ్గరగా లాక్కుని కూర్చుంది. ఒళ్లో నా నోటుబుక్కు. తెర మీద నతానియేలు. "జర మాటియ్యి బావా" అని అక్షరాలు పడ్డాయి, వీడియో అయిపోయింది. ఎన్నోసారి చూస్తోందో తెలియదు. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

నన్ను చూసి తిట్టలేదు. తిడితే బాగుండేది, తిట్లకు నా దగ్గర జవాబులుంటాయి. నోటుబుక్కులో "నడిచింది" అన్న మాట మీద వేలు పెట్టి చూపించింది.

"నిన్న కాలే అన్నవు. నోటితోని అబద్ధమాడుతవు గాని, బుక్కుల ఆడవు నువ్వు," అంది. తర్వాత అడిగింది, "ఏమన్నడు నా తమ్ముడు?"

అంతా చదివాక కూడా అడిగింది. పూల సంచి కింద పెట్టాను. పీట లాక్కుని ఆమెకు ఎదురుగా, నా పెదవులు కనబడేలా కూర్చున్నాను. అరవలేదు. శంఖం మాటతో మొదలుపెట్టి ఎనిమిది నిమిషాలూ చెప్పాను. "తప్పయింది మేరీ" అన్నది నతానియేలు మాట కాదు, నాది. పేజీ ఇంకా తెరిచే ఉంది కాబట్టి అది కూడా తెర మీద పడింది. ఆమె అటు తిరిగి దాన్ని చదివి, చీర కొంగుతో మొహం తుడుచుకుంది.

"పూలు వాడిపోతయి, నీళ్లల్ల పెట్టు," అంది.

ఆదివారం చర్చిలో మేరీ లేచి నిలబడి ఎక్కువ చెప్పలేదు. "నా తమ్ముడు పోయేటప్పుడు గూడ నా ఫికరే చేసిండు. అది నాకు నిన్ననే తెలిసింది," అని కూర్చుంది. కృపాకర్ తల వంచుకుని ఏడ్చాడు. అంతకంటే చెప్పడానికి ఏముంది?

కూడిక అయ్యాక ఆవరణలో పొరుగింటి పద్మమ్మ మేరీ చేతులు పట్టుకుని ఐదు నిమిషాలు మాట్లాడి పోయింది. మేరీ అంతసేపూ నవ్వుతూ తలూపింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఏమన్నది?"

"ఏం..." అని నోటిదాకా వచ్చింది. ఆగాను. ఆమెకు ఎదురుగా వచ్చి నిలబడ్డాను.

"నిన్న వాళ్ల బర్రె ఈనిందట. దూడ అడ్డం తిరిగి రెండు గంటలు గోసపడ్డదట. పశువుల డాక్టర్ వస్తె బతికిందట. జున్ను పంపిస్త అన్నది. నీ మాట ఇని ఏడుపొచ్చింది అన్నది."

మేరీ శ్రద్ధగా నా పెదవులనే చూసింది.

"దూడ ఆడదా, మొగదా?"

అది నాకు తెలియదు. గేటు దాటుతున్న పద్మమ్మ వెనకాల పరుగెత్తి అడిగి వచ్చాను.