నలభై కాళ్ళ చిప్పు

లీదియా కొన్న కొత్త బోర్డు వేలెడంత. దానికి తెలివి ఎక్కువ, తీగలు తగిలించే కాళ్ళు తక్కువ. మామిడికాయలు మాగబెట్టే గదిలో ఫ్యాన్లు, గ్యాసు వాల్వు, గాలి కిటికీలు, అలారం అన్నీ తగిలించాలంటే ఆ కాళ్ళు చాలవు. అందుకని తను చదివిన కాలేజీ ల్యాబు అటక మీంచి నలభై కాళ్ళ ముసలి చిప్పొకటి అడిగి తెచ్చుకుంది.

"జెర్రిలా ఉందే!" అంది వాళ్ళమ్మ సుసన్నా, రెండడుగులు వెనక్కేసి.

"కొత్త బోర్డు బుర్రమ్మా. ఇది చేతులు. బుర్ర చెబితే ఇది స్విచ్చులేస్తుంది. నాకన్నా ముందు పుట్టింది, ఇంకా పనిచేస్తోంది."

"మీ నాన్న స్కూటరు గురించీ అదే అంటారు. విస్సన్నపేట నుంచి దాన్ని నెట్టుకుంటూ వచ్చిన రోజు కూడా అన్నారు."

భయపడటం సుసన్నాకి ఉద్యోగం. సెలవుల్లేవు, రిటైర్మెంటూ లేదు. మామిడి వ్యాపారి వీరభద్రరావు, బోర్డూ చిప్పూ బిగించిన పెట్టె పనితనం చూసి, నచ్చితే తన మాగబెట్టే గదిలో పెట్టిస్తానన్నాడు. నచ్చకపోతే లీదియా ఇదంతా మూటగట్టి బీయీడీలో చేరాలని తల్లీకూతుళ్ళ ఒప్పందం. ప్రభువా, ఆయనకి నచ్చకూడదు, నా పిల్ల ఏడవకూడదు అని సుసన్నా రెండూ ఒకే ప్రార్థనలో అడిగింది. దేవుడికి మాత్రం వేరే పనేముంది!

ఆయనొచ్చాడు. వరండాలో ఫ్యాన్లకీ వాల్వుకీ బదులు బల్బులు తగిలించి చూపించింది లీదియా. చెప్పినది చెప్పినట్టు వెలిగాయి, ఆరాయి. ఆయన తలూపాడు. ఇంతలో తోటల వైపు నుంచి గాలి లేచింది. మామిడి కాలంలో గాలి లేస్తే నూజివీడంతా రాలిన కాయల కోసం పరిగెడుతుంది. సుసన్నా మాత్రం కరెంటు మెయిన్ దగ్గరికి పరిగెడుతుంది. ఠక్కున ఆపేసింది. గాలి తగ్గాక మళ్ళీ వేసింది.

బల్బులన్నీ ఒక్కసారే వెలిగాయి. అలారం కుయ్యోమంది.

"ఏంటమ్మా ఇది! గ్యాసు వదులుతూనే కిటికీలు తెరుస్తోందా? నా కాయల్ని మాగబెడుతుందా, తగలబెడుతుందా?" అంటూ వీరభద్రరావు లేచాడు. "మ్యూజియం సరుకు నాకెందుకు?"

అడిగిన వరం ఎదురుగా నిలబడింది. ఆ పక్కనే కూతురి మొహమూ కనబడింది.

"ఏమండీ, మీ గదుల్లో కరెంటు పోదా?" అంది సుసన్నా. "మీకేమన్నా దేవుడు వేరే లైను వేశాడా? మా వరండాలో కూసింది కాబట్టి సరిపోయింది, మీ కాయల మధ్య కూస్తేనో? ఆదివారం ఆరాధన అయ్యాక రండి. అప్పుడూ కూస్తే మీ ఇష్టం."

ఆయన గొణుక్కుంటూ వెళ్ళాడు.

"తప్పు చిప్పుది కాదమ్మా, నాది," అంది లీదియా. "కరెంటు రాగానే, స్విచ్చులేసే పని నీదని దానికి చెప్పాలి. ఆ మాట వినగానే అది అన్ని కాళ్ళ మీదా సున్నా పెడుతుంది. బల్బుల్ని వెలిగించే నా రిలేలకి సున్నా అంటే 'స్విచ్చు వెయ్యి' అని. గది వేడి కొలిచాక గానీ నా ప్రోగ్రాము వాటిని ఆపమనదు. పొద్దున కరెంటు ఇచ్చాక ఆఖర్న బల్బులు తగిలించాను, అందుకే బయటపడలేదు."

"మరి?"

"చిప్పు సర్దుకునేదాకా రిలేలకి కరెంటు ఇవ్వను. కొత్త బోర్డుకి ఒక కాలు మిగిలుందిలే, దాంతో ఆపి ఉంచుతాను."

"ఆ కాలు ముందే గుర్తుకు రాలేదా తల్లీ?"

ఆదివారం వీరభద్రరావు తనే మెయిన్ ఆపాడు, వేశాడు. మళ్ళీ ఆపాడు, వేశాడు. విసుగొచ్చేదాకా చేశాడు. పెట్టె కిక్కురుమనలేదు.

"రేపు మా గదికి తెచ్చి బిగించమ్మా," అన్నాడు చివరికి.

లీదియా నవ్వింది. సుసన్నా నవ్వబోయి ఆగింది.

"ఆ గది తలుపు లోపల్నుంచి తీసుకోవచ్చాండీ?"

"కుదరదండీ, బయట గడియే."

"అయితే రేపు గుమ్మం దగ్గర నాకో కుర్చీ వేయించండి," అంది సుసన్నా.