సుద్దపొడి దగ్గు

దగ్గు పిల్లలకే వస్తుందని మీకెవరు చెప్పారు హెడ్మాస్టరుగారూ? టీచర్లకు గడి లేకుండా క్షయ పరీక్షల ఫారం అచ్చువేసిన ఆఫీసు వాళ్లారా, మీకెవరు చెప్పారు?

నేను ఒక కఫం డబ్బాని. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ డబ్బాని, మరమూత నాకు. ఫ్యాక్టరీలో నిమిషానికి వందమందిమి పుట్టాం. మనిషి గుండెల్లోంచి దగ్గి తీసిన కళ్లెను ల్యాబుకు చేర్చడం మా పని. అందమైన పనేం కాదు. సన్మానాల్లో మీరు కప్పుకునే శాలువాల కన్నా పనికొచ్చేదే.

క్షయ పరీక్షల రోజు నర్సు నాగరత్నం మమ్మల్ని సంచిలో వేసుకుని బడికొచ్చింది. పిల్లలందర్నీ వరుసలో నిలబెట్టి అడిగింది: రెండు వారాలుగా దగ్గుందా, సాయంత్రం జ్వరమొస్తుందా, చిక్కిపోయారా? అది కాగానే స్టాఫ్ రూంకి వెళ్లింది. హెడ్మాస్టరు అప్పలస్వామి కుర్చీలోంచి లేవలేదు.

"మాకెందుకమ్మా? ఫారంలో మా గడే లేదు."

"మరి వీర్రాజు మాస్టారు దగ్గుతన్నారు కదండీ?"

వీర్రాజు సోషల్ మాస్టారు. రెండు నెలలుగా దగ్గుతున్నాడు.

"సుద్దపొడి దగ్గమ్మా ఇది! పాతికేళ్ల సర్వీసు. నీకేటి తెలుస్తాది?" అన్నాడు వీర్రాజు. గదంతా నవ్వింది. ఆ దగ్గును వాళ్లు పతకంలా మోస్తారు. నాగరత్నం నవ్వలేదు, నన్ను ఆయన చేతిలో కుక్కి వెళ్లింది. ఆయన నన్ను సంచిలో పడేసుకున్నాడు.

వారం తర్వాత తొమ్మిదో తరగతిలో పాఠం చెబుతూ దగ్గు ఆపుకోలేక బల్ల పట్టుకున్నాడు. "ఏం లేదర్రా, సుద్దపొడి," అన్నాడు.

ముందు బెంచీలోంచి పైడితల్లి అంది: "సుద్దేటి సార్? రెండేళ్లనుంచి మార్కరుతోనే రాస్తన్నారు కదా!"

పిల్లలు పకపకా నవ్వారు. ఆయన చేతిలో మార్కరు వైపు చూశాడు. వెనక తెల్లబోర్డు వైపు చూశాడు. మర్నాడు పొద్దున్నే నా మూత తీశాడు.

క్షయే. రిపోర్టు తీసుకోడానికి వీర్రాజుతో పాటు హెడ్మాస్టరూ ల్యాబుకొచ్చాడు. నేనింకా బల్లమీదే ఉన్నాను.

"నడుం నొప్పని సెలవు రాయండి మాస్టారూ. బయటికి తెలిస్తే బడి పరువు పోతాది."

"మరి పిల్లలండీ? పైడితల్లి పదిరోజులై దగ్గుతోంది."

"పిల్లల్ని చూసేశారు కదా, అయిపోయింది. పిల్లన్నాక దగ్గదేటి?"

విన్నారా? మొన్న టీచరు దగ్గు దగ్గు కాదు. ఇవాళ పిల్ల దగ్గూ కాదు. మందులున్న జబ్బును పరువు కోసం దాస్తున్నారు, ఆ పిల్ల ఊపిరితో!

నన్ను బ్లీచింగు నీళ్లలో ముంచారు. రేపు కాలుస్తారు. కాల్చండి, నా పని నేను చేశాను. మీ పని మిగిలుంది హెడ్మాస్టరుగారూ. రేపు ఫస్టు బెల్లు కొట్టకముందే నాగరత్నాన్ని పిలవండి. ముందు పైడితల్లిని చూపించండి, తర్వాత తొమ్మిదో తరగతి నలభై ఇద్దరినీ మళ్లీ చూపించండి. ఆ వెంటనే స్టాఫ్ రూంనూ, వంటగదినీ ఖాళీ చేయించి అందర్నీ వరుసలో నిలబెట్టండి. గడి లేకపోతే స్కేలు పెట్టి గీయండి. ఆ వరుసలో మొదట మీరు నిలబడండి.