రంపం పట్టేసింది

నేను ఒక రంపాన్ని. దుకాణంలో నూనె కాగితం చుట్టి అమ్మే జాతి కాదు, చేత్తో చేసిన దాన్ని. ఉద్దానంలోని ఓ కోతమిల్లులో విరిగిపోయిన మర రంపం ముక్కను అడిగి తెచ్చుకుని, వడ్రంగి అప్పలాచారి తండ్రి వారం రోజులు కూర్చుని నన్ను తయారు చేశాడు. మూడు పలకల ఆకురాయితో నా పళ్ళు ఒక్కొక్కటే పదును పెట్టాడు. ఒక పన్ను కుడికి, దాని పక్కది ఎడమకి రవ్వంత వంచాడు. నేను వెళ్ళే దారి నా ఒంటికన్నా వెడల్పుగా ఉండాలి మరి, లేకపోతే కదలలేను. నిలువుకోతకి నేను పనికిరాను. చేవదేరిన కర్రను అడ్డంగా కోయడమే నా పుట్టుక. నల్లతుమ్మ, మద్ది, చింత, మిగతా రంపాలు మొహం చాటేసే కర్రలన్నీ నా వాటాకే వచ్చేవి.

తండ్రి పోయాక అప్పలాచారి చేతికి వచ్చాను. కొత్తవాళ్ళు నా మీద పడి బలమంతా చూపిస్తారు. అతను అలా కాదు. కర్రను కాలికింద అదిమిపెట్టి, మొదట రెండు మూడుసార్లు మెల్లగా లాగి గాడి చేసేవాడు. ఆ తర్వాత బరువు నాకే వదిలేసేవాడు. లాగినప్పుడే నేను కరుస్తానని అతనికి తెలుసు. పొట్టు నల్లబడితే చేవ తగిలిందని గ్రహించి వేగం తగ్గించేవాడు. అలాంటి చేతిలో ఇరవై ఏళ్ళు ఉన్నాను, గర్వంగానే ఉన్నాను.

ఒక్కటి మాత్రం నాకు మింగుడు పడేది కాదు. కోత తిన్నగా వస్తే "ఆచారి కోశాడు" అనేవారు. వంకరొస్తే "రంపం వంకర పోయింది" అనేవారు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత మనుషులదే కదా, వాళ్ళకి నేను కొత్తగా చెప్పేదేముంది!

ఆ ఏడు తుఫాను వెలిసిన ఉదయం అప్పలాచారి తమ్ముడు భానోజీ పెరట్లో చింతచెట్టు కూలింది. పాకలో ఆవును విప్పబోయిన భానోజీ మాను కింద చిక్కుకుపోయాడు. మాను మొదలు వేళ్ళ మీద, తల గోడ మీద ఆగింది. ఇంకా కిందికి దిగకుండా అతనికి రెండు పక్కలా రాళ్ళు పేర్చారు. మానును రెండు ముక్కలు చేస్తే తలవైపు ముక్కను పదిమంది పట్టి దొర్లించవచ్చు. రోడ్ల నిండా చెట్లు పడి ఉన్నాయి, పట్నం నుంచి యంత్రం వచ్చే దారి లేదు. గొడ్డలి వేస్తే ప్రతి దెబ్బకీ భానోజీ కేక పెట్టాడు. అందుకని నన్ను తెచ్చారు.

జానెడున్నర లావు మాను. లోపలంతా చేవ. భానోజీ భార్య వరహాలమ్మ మొగుడి తలను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, ఇటు చూడలేదు.

"బేగి కొయ్యి అన్నియ్యా. కాళ్ళు తెలీటం నేదు."

"అయిపోనాది తమ్ముడూ, అయిపోనాది."

అవలేదు. సగం దాటాక మాను నడిమికి కుంగి, కోత నోరు మూసుకుపోయింది. పనిశాలలో కర్ర కొస గాలిలో ఉంటుంది కనుక తెగేకొద్దీ కోత తనంతట తానే విచ్చుకుంటుంది. ఇక్కడ రెండు కొసలూ ఆనుకుని ఉన్నాయి. రోజూ కర్రతో బతికేవాడు ఆ పూట ఆ తేడా చూడలేదు. అతని కళ్ళు తమ్ముడి మొహం మీదే ఉన్నాయి. నన్ను రెండు చేతులా లాగాడు. రెండు పళ్ళు విరిగాయి, పిడి ఊడొచ్చింది. నాకు కోపం రాలేదు, భయం వేసింది. ఇంకో రంపం వెతికి తెచ్చి మరోచోట కోసేసరికి భానోజీ లేడు. నేను ఆ మాను నోట్లోనే ఉన్నాను.

ఏటయ్యిందని అడిగినవాళ్ళందరికీ ఊరు ఒకటే మాట చెప్పింది: "రంపం పట్టీసింది." నేను పట్టుకున్నానట! "అచ్చిరానిది, సముద్రంలో పడేయ్" అని పెద్దలు తీర్పు చెప్పారు. అప్పలాచారి అవుననలేదు, కాదనలేదు.

వరహాలమ్మ వచ్చింది. "పారీసేదయితే నాకియ్యండి బావగారూ, కట్టెలు కోసుకుంటాను" అంది. మాను దొర్లించాక బయటపడ్డ నాకు అతను తలెత్తకుండా పిడి బిగించి ఇచ్చాడు.

మొగుణ్ణి చంపిందని ఊరు చెప్పిన దానితోనే, మొగుణ్ణి చంపిన చెట్టు కొమ్మలు కోసుకుని ఆమె నాలుగు నెలలు పొయ్యి వెలిగించింది. నన్ను తిట్టలేదు, వానలో వదిలేయలేదు. ఒకరోజు తొడంత లావు కొమ్మను రెండు రాళ్ళ మీదికి దొర్లించి కోయడం మొదలుపెట్టింది. సగంలో నేను ఇరుక్కున్నాను. లాగింది, రాలేదు. పక్కన పడున్న, ఒక కొస పలచనైన చెక్కముక్క ఒకటి తీసి కోత నోట్లో దూర్చి, రాయితో రెండు దెబ్బలు వేసింది. నోరు తెరుచుకుంది. నేను కదిలాను. అన్నం ఉడికేంతసేపు కూడా పట్టలేదు, కొమ్మ తెగిపోయింది.

ఆమె అక్కడే కూలబడింది.  తర్వాత నన్నూ, ఆ చెక్కముక్కనూ పట్టుకుని బావగారి ఇంటికి నడిచింది. అప్పలాచారి గుమ్మం చెక్కకు చిత్రిక పడుతున్నాడు. చెక్కముక్కను అతని ముందు పెట్టింది.

"ఈపాటి ముక్క ఆ రోజు అక్కడ నేదా బావగారూ?"

అతను చిత్రిక ఆపాడు. "చుట్టూరా ఉన్నాయమ్మా. ముక్క దూర్చాలని గుర్తొచ్చినాది."

"ఎప్పుడు?"

"ఆడి సెయ్యి సల్లబడ్డాక."

"మరి రంపం పట్టీసిందని ఎందుకు సెప్పినారు?"

"నాను సెప్పనేదు. ఊరు అనీసింది. నాను కాదననేదు."

అప్పలాచారి ఏడ్చాడు. ఆమె ఏడవలేదు. నా మీది నింద పోయింది, అయినా నాకు సంతోషం కలగలేదు. ఆమె నన్ను అతని కాళ్ళ దగ్గర వదిలేసింది. ఆ చెక్కముక్కను మాత్రం కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది.