మరక లేని రాయి

ఎనభై నాలుగులో ఒకనాడు, బార్కస్ బస్తీ దాటాక ఉన్న రేకుల షెడ్డులో ఇస్సాకు ఉతికిన చొక్కా తొడుక్కుని నిలబడ్డాడు. నాలుగు నెలలు బోరు మిషన్ తిప్పి, తొమ్మిది వందల అడుగుల లోతు దాకా అతను తీసిన రాతి కడ్డీలు చెక్కపెట్టెల్లో వరసగా ఉన్నాయి. అణు కరెంటు తయారయ్యాక మిగిలే విషపు చెత్తను వేల ఏళ్లు భూమిలో దాచాలంటే నీళ్లు చొరని రాయి కావాలి. అలాంటిది దొరికిందని పెద్దాఫీసరు ఈశ్వరయ్య సంతకం పెడితే చాలు, ఇస్సాకుకూ, కడ్డీల బురద కడిగే బుచ్చమ్మకూ దినకూలీ తప్పి పర్మనెంటు నౌకరీ వస్తుంది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఇస్సాకు అప్పుడే కొత్త సైకిలుకు రంగు కూడా ఎంచుకున్నాడు.

ఈశ్వరయ్య భూతద్దం పట్టుకుని ప్రతి పెట్టెనూ చూశాడు. కడ్డీల్లో పగుళ్లు ఉన్నాయి గానీ, అన్నీ అద్దంలా శుభ్రంగా ఉన్నాయి.

"పగులుకు ఎర్ర మరకుంటే నీళ్లు పారినట్టు. మరక లేదంటే మన మిషన్ అదురుకు విరిగిందే. మస్తు రాయి పట్టినవ్ ఇస్సాకూ," అంటూ పెన్ను తీశాడు.

గోడవార నిలబడ్డ బుచ్చమ్మ ముందుకొచ్చింది.

"మరకలుండె సార్. పెద్దసార్లొస్తున్నరని నేనే తోమిన. బోనాలకు ఇత్తడి బిందెలు తోమినట్టు, చింతపండు వెట్టి."

నోరు మూసుకుంటే ఈ మనిషి సొమ్మేం పోయేదని ఇస్సాకు పళ్లు కొరుక్కున్నాడు.

"ఏ రాళ్లు?" అన్నాడు ఈశ్వరయ్య.

బుచ్చమ్మకు చదువు రాదు. పెట్టెల మధ్య వంగి నడుస్తూ, తడుముకోకుండా పదకొండు ముక్కలు తీసి బయట పెట్టింది. దీన్ని గోటితో గీకిన, దీనికి రెండుసార్లు వెట్టిన అని ఒక్కోదాని కథా చెప్పింది. ఈశ్వరయ్య ఒక ముక్కను సుత్తితో చీల్చాడు. పగులు లోపలికి పాకిన చోట సన్నటి ఎర్రచార కనబడింది. ఈ బోరు పనికిరాదని కాగితం మీద రాసి వెళ్లిపోయాడు.

అన్ని కడ్డీలనూ భూమిలోంచి లాగింది తానే, అయినా ఇస్సాకుకు ఒక్కదాని ఆనవాలూ గుర్తు లేదు. ఆమె వాటిని కడుపున పుట్టిన పిల్లల్లా ఎరుగును. కోపం చల్లారలేదు, కానీ దానికంటే ఆమె మీద గౌరవమే ఎక్కువైంది. అది అతనికే నచ్చలేదు.

ఛత్రినాక వెళ్లే బస్సులో చివరికి అడిగేశాడు.

"మల్ల అదే దినకూలీ. ఎందుకు చెప్పినవ్ చెల్లె? గా నీళ్లల్ల విషం కలిసి పైకొచ్చేతందుకు వెయ్యేండ్లు వడ్తది. గప్పుడు నువ్వుంటవా, నేనుంటనా?"

బుచ్చమ్మ అతని వైపు వింతగా చూసింది.

"మనముండకపోతే, గప్పటోళ్లకు దూప గాదా, నీళ్లు తాగరా అన్నా?"