క్వాచా కోసం ఉపవాసం

మా దేశపు డబ్బు క్వాచా విలువ పడిపోయి వంటనూనె కొనలేని రోజుల్లో మా చర్చి ఆడవాళ్లం మూడు రోజులు ఉపవాసం ఉన్నాం. ప్రార్థన నడిపింది నేనే. లివింగ్‌స్టన్‌లో, జలపాతానికి వెళ్లే దారిలో ఉన్న చిన్న లాడ్జిలో నేను వంటమనిషిని. ఆ మూడు రోజులూ జోహన్నెస్‌బర్గ్ అతిథులకు గుడ్లు వేయిస్తూ, ఆ వాసనకు మొహం తిప్పుకుంటూ, మా డబ్బును నిలబెట్టమని దేవుణ్ణి అడిగాను.

నిలబెట్టాడు. మా దేశం అమ్ముకునే రాగికి ధర పెరగడం వల్లనేనని రేడియోలో చెప్పారు. మేం నమ్మలేదు. నూనె ధర దిగింది, మొక్కజొన్న పిండి ధర దిగింది. ఆగస్టు వచ్చేసరికి మా లాడ్జి ఆరు గదుల్లో ఐదు ఖాళీ.

ఏటా జోహన్నెస్‌బర్గ్ నుంచి పిల్లల్ని తీసుకుని కారులో వచ్చే వెంటర్ ఈసారి ఫోన్ చేశాడు. యజమానురాలు నలిషేబో వంటింటి గుమ్మంలోనే మాట్లాడింది.

"గది అద్దె ఒక్క క్వాచా కూడా పెంచలేదండీ. నిరుటిదే."

కాసేపు విని ఫోన్ పెట్టేసింది.

"ఏమన్నాడు మేడమ్?"

"మీరు పెంచకపోయినా మీ క్వాచా పెరిగిందిగా అన్నాడు. వాళ్ల ర్యాండ్లలో లెక్కేస్తే నిరుటికి రెట్టింపు అవుతోందట. మొజాంబిక్ సముద్రానికి పోతున్నారు."

"కాస్త తగ్గించి చెప్పకపోయారా?"

"కరెంటువాళ్లు నాకు తగ్గిస్తారా? నువ్వు జీతం తగ్గించుకుంటావా?" నేను పెనం తోమడం మొదలుపెట్టాను. "ఎంత నిష్ఠగా ఉన్నావే ముటింటా ఆ ఉపవాసం. రెండో రోజే తినేసినా బాగుండేది."

గదులు ఊడ్చే ఇనొంగె కిసుక్కున నవ్వింది. మేడమ్ నవ్వలేదు.

"నెలాఖరు దాకా చూస్తా. ఇలాగే ఉంటే వంటకు వేరే మనిషెందుకు? గుడ్లు ఇనొంగె కూడా వేయించగలదు."

ఇనొంగె నావైపు చూడకుండా చీపురు తీసుకుని వెళ్లిపోయింది.

నెలాఖరుకు ఆ ఆరో గది కూడా ఖాళీ అయింది. నా ఏప్రన్ ఉతికి, మడత పెట్టి ఇచ్చేసి వచ్చాను.

ఆ ఆదివారమే కృతజ్ఞతారాధన. పాస్టరుగారు అందరిలోంచి నన్నే పిలిచారు. "ప్రార్థన నడిపింది నువ్వు. దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం కూడా నువ్వే చెప్పాలి తల్లీ."

పక్కనున్న చూల్వే వాళ్లమ్మ మోచేత్తో పొడిచింది. "లేవే. మొన్న పెద్ద డబ్బా నూనె కొన్నావుగా, సిగ్గెందుకు?"

ముందుకు వెళ్లి నిలబడ్డాను.

"నూనె దిగింది," అన్నాను. చప్పట్లు కొట్టారు.

"పిండి దిగింది." ఇంకా గట్టిగా కొట్టారు.

నా పని పోయిందన్న మూడో మాట నోటిదాకా వచ్చింది. ఈలోగా డప్పులు అందుకున్నాయి. ఆడవాళ్లు లేచి నా చుట్టూ ఆడుతున్నారు. ఎవరో నా చెయ్యి పట్టుకుని లాగారు. అడుగు కలపకపోతే పడిపోయేలా ఉన్నాను. కలిపాను.