నలభై ఒకటో పక్షి

లైబ్రరీ గోడకి కొత్తగా వేలాడదీసిన ఫోటో కింద "ఇటుకల బట్టీ గుంట మీద నలభై ఒక్క సూదితోక బాతులు" అని రాసి ఉంది. వచ్చినవాళ్ళందరూ మెడలెత్తి చూసి, మెచ్చుకుని వెళ్ళిపోతున్నారు. ఇంట్లో అందరూ పిల్లి అని పిలిచే అమ్మాయి మాత్రం కదల్లేదు. నలభై ఒకటి ఎలా అవుతాయి? గుంటలో దిగినవి నలభై.

పిల్లికి పదహారేళ్ళు. అడుగుల చప్పుడు వినపడకుండా నడుస్తుందని వాళ్ళ నాన్న పెట్టిన పేరది. "పిల్లి వచ్చి పిట్టల్ని చూసిపోతానంటే పిట్టలేమనుకోవాలి" అని ఇంట్లో ఎప్పుడూ ఉండే నవ్వులాట. నలుగురిలో నోరు విప్పదు. చలికాలం వచ్చిందంటే మాత్రం తెల్లారేసరికి గుంట గట్టు మీద ఉంటుంది. మూతపడిన బట్టీ వాళ్ళు మట్టి తవ్వుకుని వదిలేసిన గుంట అది. ఎక్కడెక్కడి నుంచో ఎగిరొచ్చిన బాతులు అందులో దిగి, ముక్కు వీపు ఈకల్లో దూర్చుకుని, నీళ్ళ మీదే నిద్రపోతాయి. అంత దూరం వచ్చిన ప్రాణాలకి తిండికన్నా ముందు నిద్ర కావాలి. పిల్లి వాటిని ఎడమ నుంచి కుడికి ఒకసారి, కుడి నుంచి ఎడమకి ఒకసారి లెక్కపెడుతుంది. రెండూ కలిస్తేనే నోటుబుక్కులో రాసుకుంటుంది. అలా లెక్కపెట్టడం నేర్పింది అక్క. అప్పుడు పిల్లికి ఆరేళ్ళు.

బడి అయ్యాక లైబ్రరీకి వచ్చి, ఎవరు ఏ పిట్టని చూసినా సుద్దముక్కతో రాసే పక్షుల బోర్డు మీద తన లెక్క రాస్తుంది. అందులో ఐదు గడులు. తేదీ, చోటు, చూసినది, ఎన్ని, చూసినవారు. చివరి గడిలో పేరు పెట్టడానికి సిగ్గేసి "ఒక పాఠకురాలు" అని రాస్తుంది.

ఈసారి వారం రోజులు నలభై అని రాసింది. ఎనిమిదో రోజు ఇరవై ఆరు. పదో రోజుకి పదకొండు. అందులో ఒకటి రెక్క ఈడ్చుకుంటూ జమ్ముగడ్డిలోకి పోయి దాక్కుంటోంది. కుక్కల పనే అనుకుని రెండు రోజులు ఊళ్ళో కుక్కలన్నిటినీ కసిగా తిట్టుకుంది.

ఫోటో తీసింది బావ, అంటే అక్క మొగుడు. బజారులో ఆయనకి స్టూడియో ఉంది.

పిల్లి ఫోటోలో ఎగురుతున్న బాతుల్ని ఎడమ నుంచి లెక్కపెట్టింది. నలభై ఒకటి. కుడి నుంచి లెక్కపెట్టింది. అంతే. మూడోసారి వేలు పెట్టి, ఒక్కొక్కదాని తోక చూసుకుంటూ వెళ్ళింది. కింద, ఎడమ మూలనున్న దానికి తోక లేదు. రెక్కల్లేవు, మెడ లేదు. ఎర్రగా, మూడు మూలలుగా, గాల్లో ఉంది.

ఇటుక ముక్క.

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో పిల్లికి అప్పుడు తెలిసింది. ఆ మంట మీద ఇంకో మంట. బావకి ఆ చోటు చెప్పిందెవరు? బోర్డు. బోర్డు మీద గుండ్రటి అక్షరాలతో "బట్టీ వెనక, జమ్ము పక్క, గట్టుకి దగ్గరగా" అని దారి రాసిపెట్టింది తనే.

మర్నాడు గురువారం, పండక్కి బడికి సెలవు. మధ్యాహ్నం అక్కా బావా భోజనానికి వచ్చారు.

"ఆదివారం పొద్దున్నే పన్నెండుమందిమి గుంట దగ్గరికి వెళ్తున్నాం అత్తయ్యా, అందరి దగ్గరా కెమెరాలే" అన్నాడు బావ. "లైబ్రరీ వాళ్ళే తీసుకెళ్తున్నారు, తలుపు మీద కాగితం కూడా అంటించారు."

"బావా, ఆ ఫోటోలో బాతులెన్ని?" అంది పిల్లి.

గోడ గడియారం మాట్లాడినట్టు అందరూ తలలెత్తారు.

"నలభై ఒకటి. మీ అక్కే లెక్కపెట్టింది."

"నలభై. ఇంకోటి ఇటుక."

బావ నోట్లో ముద్ద మింగి నవ్వాడు. "కనిపెట్టేశావా? మరేం చెయ్యమంటావు పిల్లీ, నీ బాతులు ఎప్పుడెళ్ళినా నిద్రే. నిద్రపోయేవాటిని తీస్తే ఆ ఫోటో పరుపుల కొట్టువాడికి తప్ప ఎవరికి పనికొస్తుంది?"

"ఒకదాని రెక్క విరిగింది."

"వాటి మీదికి వెయ్యలేదు. పక్కన నీళ్ళలోకి వేశాను."

"ఎన్ని వేశారు?"

"ఇకమీదట ఇటుకలు కూడా లెక్కపెడతావా ఏంటి?"

నాన్న కూడా నవ్వాడు. అమ్మ మాత్రం నవ్వలేదు. "తినేవాళ్ళ దగ్గరేమిటే ఆ గొడవ? బావగారికి కూర వెయ్యి" అంది.

పిల్లి వేసింది. వేసినందుకు తన చేతిని తనే కొరుక్కోవాలనిపించింది.

వంటింట్లోకి అక్క పిల్లి వెనకాలే వచ్చింది. "బాతుల కోసం మనిషిని నిలదీస్తావా? ఆ ఫోటో పెట్టాకే స్టూడియోకి నలుగురొస్తున్నారు."

"నువ్వూ వెళ్ళావా?"

"సంచి పట్టుకున్నాను."

"కెమెరా సంచా, ఇటుకల సంచా?"

అక్క కుళాయి తిప్పి చేతులు కడుక్కుంది. కడుగుతూనే ఉంది. చేతులకేమీ అంటలేదు.

సాయంత్రం లైబ్రరీ మూసేలోపు పిల్లి అక్కడికి వెళ్ళింది. బోర్డు మీద కింద మిగిలిన వరసలో రాసింది. చోటు గడిలో, గోడ మీది ఫోటో, కింద ఎడమ మూల. చూసినది, ఇటుక ముక్క. ఎన్ని, ఒకటి. దాని కింద ఇంకో వరస. గుంటలో మిగిలిన బాతులు పదకొండు, ఒకదానికి రెక్క విరిగింది. చివరి గడి దగ్గర సుద్దముక్క ఆగింది. ఇన్నాళ్ళూ రాసిన పాఠకురాల్ని వదిలేసి, తన పేరు ఇంటిపేరుతో సహా రాసింది. ఎంత గట్టిగా నొక్కిందంటే సుద్దముక్క రెండుగా విరిగింది.

లైబ్రేరియన్ మేడం వచ్చి చదివింది. కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, ముక్కు అద్దానికి తగిలేంత దగ్గరగా ఫోటోలోకి చూసింది.

"నాలుగు రోజులుగా దీన్ని బాతనే అనుకుంటున్నాను" అంది చివరికి.

"ఆదివారం వాళ్ళని తీసుకెళ్ళకండి మేడం" అంది పిల్లి.

"ఆయన మీ బావగారేగా. ఇంట్లో గొడవవుతుందేమో."

"అవుతుంది."

మేడం తలుపు మీది ఆదివారం కాగితాన్ని పీకి బుట్టలో వేసింది. ఫోటోని మాత్రం తియ్యలేదు. బోర్డు పక్కకి మార్చింది. "చదివినవాళ్ళు చూసుకుంటారు" అంది. పిల్లి చున్నీ కొసతో పాత వరసల్లో చోటు గడులన్నీ తుడిచేసింది.

గొడవ అయింది. బావ ఫోన్లో నాన్న మీద ఇంతెత్తున లేచాడు. పరువు మొత్తం సుద్దముక్కతో తీసేసిందన్నాడు. అమ్మ మాటలు మానేసి, కంచం ముందు పెట్టి వెళ్ళిపోతోంది. పిల్లి తిని, కంచం కడిగి బోర్లించింది. క్షమించమని ఎవర్నీ అడగలేదు.

ఆదివారం పొద్దున్న గుంట మీద మంచు పలచబడుతుంటే వెనక గడ్డిలో అడుగుల చప్పుడైంది. అక్క. ఒక్కతే, చేతుల్లో సంచీ ఏమీ లేదు.

"ఆయనకి చెప్పకుండా వచ్చాను" అంది. పిల్లి తల తిప్పలేదు.

"ఎన్నున్నాయే?"

పిల్లి కోపం తగ్గలేదు. తగ్గించుకునే ఉద్దేశమూ లేదు. "లెక్కపెట్టడం నేర్పింది నువ్వేగా. నువ్వే లెక్కపెట్టుకో."

అక్క పెదాలు కదుపుతూ ఎడమ నుంచి కుడికి వెళ్ళింది. కుడి నుంచి ఎడమకి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది.

"పదే వస్తున్నాయి."

"జమ్ములో చూడు" అంది పిల్లి.