మొదటి బంతిలో దానమ్మ

బహ్రెయిన్‌లోని తెలుగు క్రైస్తవ సహవాసపు కార్యదర్శి జాన్ పాల్ తనను "దానమ్మగారూ" అని పిలిచిన మరుక్షణమే, ఈయనకు తనతో ఏదో పని పడిందని దానమ్మ గ్రహించింది. మామూలు శుక్రవారపు ఆరాధనల్లో ఆమె ఒట్టి దానమ్మే. ఆసుపత్రుల్లో పనిచేసే నర్సులను సిస్టర్ అనేవారు. ఆఫీసు ఉద్యోగుల భార్యలను సిస్టర్‌గారూ అనేవారు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లను మాత్రం, దేవుని యెదుట అందరమూ అక్కచెల్లెళ్లమేనని వారం వారం గొంతెత్తి పాడుతూ కూడా, పేరుపెట్టి పిలిచేవారు. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారని అడిగితే ఎవరూ పెట్టలేదనే చెబుతారు. లోకంలోని అన్యాయాల్లో చాలా భాగం ఇలా ఎవరూ పెట్టనివే. అందుకే వాటిని తీసేయడానికీ ఎవరూ దొరకరు.

"చెప్పండయ్యగారూ," అంది దానమ్మ.

"మన సహవాసం వార్షికోత్సవం దగ్గర పడింది కదండీ. పోయిన ఏడు కేరళవాళ్ల సంఘానికి ఎవరో ఇంగ్లీషు దొరగారు ముఖ్య అతిథిగా వచ్చారు. ఫోటోలు చూసే ఉంటారు. మనకేమో ఎప్పుడు చూసినా మనమే. మీ మేడంగారు ఇంగ్లీషావిడేగా, ఒక్క మాట..."

"ఆవిడ క్రిస్మస్‌కి తప్ప చర్చి మొహం చూడరండి."

"బోధ సంగతి మేం చూసుకుంటాం. ఆవిడ కేకు కోసి, రెండు ముక్కలు మాట్లాడితే చాలు. తర్జుమా నేను చేస్తాను."

బహ్రెయిన్‌కు వచ్చినప్పటి నుంచి దానమ్మ మనసులో ఒక కోరిక ముల్లులా దిగి ఉంది. తుబ్లీలో వర్క్‌షాపుల వెనుక ఉన్న అద్దె హాలులో పండగలకూ ఉత్సవాలకూ ఆరాధన ముగిశాక, బల్లలు వేసి, వాటిపై కాగితం పరిచి, బంతులుగా భోజనాలు పెట్టేవారు. మొదటి బంతిలో సంఘ పెద్దలు, వారి భార్యలు, నర్సులు కూర్చునేవారు. రెండవ బంతిలో కూలీల క్యాంపుల నుంచి వచ్చిన కుర్రవాళ్లు. వారం పొడవునా పరాయి ఇళ్లలో వండి వడ్డించిన దానమ్మ, వీరలక్ష్మి, లోవమ్మ వంటివారు సెలవు రోజున ఇక్కడా వడ్డించి, అందరూ చేతులు కడుక్కున్నాక, చల్లారిన దాంతో సరిపెట్టుకునేవారు. తిండికి కాదు దానమ్మ బాధ. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తాను కూర్చుని ఉండగా తన విస్తట్లో మరొకరు వేడి అన్నం వేయాలి.

"తీసుకొస్తానండి," అంది. "కాని ఆ రోజు నేను మొదటి బంతిలో కూర్చుంటాను."

జాన్ పాల్ పంటినొప్పి ఉన్నవాడిలా నవ్వాడు. "దానికేముందండీ, మీరూ కూర్చోవచ్చు. కాకపోతే వడ్డన..."

"చేతులు నాకొక్కదానికే ఇచ్చాడేంటండి దేవుడు?"

"సరే, సరే. మాటిచ్చాను," అన్నాడాయన.

దానమ్మ పనిచేసే ఇల్లు జింజ్‌లో ఉంది. ఇంటి యజమానురాలు డోరీన్, ఓడల మరమ్మతు యార్డులో పెద్ద ఇంజనీరుగారి భార్య. పాలరాతి నేల, కొత్త కర్టెన్లు, అద్దంలా మెరిసే కారు, దేనికీ లోటు లేదు. అంతటి మనిషి, మరో ఇంగ్లీషావిడ సిసిలీ దొరసాని గుమ్మంలోకి వచ్చేసరికి, ఇన్‌స్పెక్టరు తనిఖీకి వచ్చినప్పటి బడిపంతులులా కంగారు పడిపోయేది. ఈ వింత దానమ్మకు ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. సిసిలీ ఇంట్లో పనిచేసే తుని వైపు మనిషి లోవమ్మ, కోల్డ్ స్టోర్ అని పిలిచే చిల్లర కొట్టు దగ్గర కలిసినప్పుడల్లా, ఆ చిక్కుముడిని ఇంకాస్త బిగించేది.

"మా అమ్మగారి స్వెట్టరుకి మోచేతి దగ్గర చిల్లే. దానికో తోలు అతుకు. పింగాణీ కంచాలకి అంచులు లేచిపోయాయి, పారేద్దామంటే ఒప్పుకోదు. కుక్కేమో సోఫా మీద పడుకుంటాది, ఈవిడ కింద కూచుంటాది. కారుకి సొట్టలు. మరి మీ ఆవిడ ఆవిణ్ణి చూసి ఎందుకే వదినా అలా లేచి నిలబడిపోద్ది?"

"అదేనే నాకూ తెలీనిది," అనేది దానమ్మ.

జాన్ పాల్ అడిగిన మర్నాడు వంటింట్లో, చేతిలో టీ కప్పుతో కూర్చున్న డోరీన్ ముందు దానమ్మ తన విన్నపం పెట్టింది. విన్న వెంటనే డోరీన్ కప్పు కింద పెట్టేసింది.

"అది నా పని కాదు, దానా. సిసిలీని అడుగు. కేకులు కోయడం, రిబ్బన్లు కత్తిరించడం ఆవిడ తరహావాళ్లకు పుట్టుకతో వచ్చిన పని."

"ఆవిడ తరహా ఏంటి మేడం? మీరిద్దరూ ఇంగ్లీషువాళ్లే కదా."

"మా దేశంలో మనుషులు అంతస్తుల్లో ఉంటారు. నేను కింది అంతస్తులో పుట్టాను. ఆవిడ పైన."

"అంటే కులమా?"

"కాదు, కాదు. ఎవరు ఎవరినైనా పెళ్లి చేసుకోవచ్చు." డోరీన్ నిజాయితీగా సరిదిద్దుకుంది. "చేసుకోవచ్చు. చేసుకోరు."

"పోనీ, డబ్బా?"

డోరీన్ నవ్వేసింది. "డబ్బే అయితే నా బాధ ఎప్పుడో తీరిపోయేది. సిసిలీ మొగుడికంటే మా ఆయన జీతమే ఎక్కువ. డబ్బు ఈ మధ్యనే వచ్చిందని నా కొత్త కర్టెన్లు చెప్పేస్తాయి, దానా. ఆవిడ కుర్చీలు వాళ్ల తాతలవి. చిరుగు బట్టలు వేసుకున్నా తనెవరో అందరికీ తెలుసునన్న ధీమా ఆవిడది. నేను నోరు తెరిచి ఒక్క మాట అంటే చాలు, ఏ ఊరి ఏ వీధిలో పుట్టానో కనిపెట్టేస్తారు. తర్వాత నాన్న ఏం పని చేసేవాడు, ఏ బడికి వెళ్లావు, కప్పులో పాలు ముందు పోస్తావా తర్వాత పోస్తావా, అన్నీ చూస్తారు. ఎవరూ అడగరు, చూస్తారంతే. ఆఖరికి నా పేరు కూడా. సిసిలీ వాళ్లలో డోరీన్ అని ఎవరూ పెట్టుకోరు."

"పేరుకైతే మా దగ్గరా అంతే మేడం. దానమ్మ అనగానే ఊళ్లో ఏ పేట మనిషినో చెప్పేస్తారు," అంది దానమ్మ. "మాకుందని తెలుసుగానీ మీకూ ఉందని తెలీదు. తెల్లవాళ్లంతా ఒకే బంతి అనుకున్నాను."

బంతి అంటే ఏమిటని డోరీన్ అడిగింది. దానమ్మ దాచకుండా చెప్పింది, బల్లల సంగతి, వడ్డన సంగతి, జాన్ పాల్‌తో తాను చేసుకున్న ఒప్పందం. డోరీన్ టీ కప్పును పక్కకు నెట్టింది.

"నువ్వు కూర్చోవాలంటే నేను రావాలన్నమాట."

"అవునండి."

"నా మాట తీరు విని వాళ్లు నవ్వితే?"

"మా వాళ్లకి ఇంగ్లీషంతా ఒకటే మేడం. మీరు మీ వీధి భాషే మాట్లాడండి. జాన్ పాల్ గారు దాన్ని తీసుకెళ్లి బైబిలు భాషలో కూర్చోబెట్టేస్తారు."

డోరీన్ పగలబడి నవ్వింది. "అయితే వస్తాను," అంది.

ఉత్సవం నాటికి హాలంతా రంగు కాగితాల తోరణాలతో కళకళలాడింది. డోరీన్ నీలం రంగు టోపీ పెట్టుకుని వచ్చింది. చిన్నపిల్లలు ఆ టోపీని ముట్టుకోవడానికి వరుస కట్టారు. ఆమెను ముఖమల్ కుర్చీలో కూర్చోబెట్టి మెడలో దండ వేశారు. తెల్లని చర్మాన్ని చూడగానే వంగిపోయే ఆ నడుములను చూసి దానమ్మకు ఒక పక్క నవ్వు, ఒక పక్క కోపం వచ్చాయి. అయినా ఇవాళ్టికి కోపం వద్దనుకుని, గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్లచీర కుచ్చిళ్లు సర్దుకుంది. వంట ఎలా ఉందో ఒక్కసారి చూసి వద్దామని వెనుక గదిలోకి వెళ్లింది.

జాన్ పాల్ ఆమె వెనుకే వచ్చాడు. మెడకు టై, ముఖాన చెమట.

"దానమ్మా," అన్నాడు.

గారు పోయింది. మిగతాది వినకుండానే ఆమెకు అర్థమైంది.

"వడ్డనకి మనుషులు చాలట్లేదు. పెద్దల ఆడవాళ్లేమో పట్టుచీరలు కట్టుకొచ్చారు, వాళ్లని గరిటె పట్టమంటే ఏం బాగుంటుంది? ఈసారికి సర్దుకో. వచ్చే ఏడు తప్పకుండా."

"మాటిచ్చారండి మీరు."

"ఇవ్వలేదన్నానా? వచ్చే ఏడన్నాను." ఆయన వెళ్లిపోయాడు.

ఉల్లిపాయలు తరుగుతున్న లోవమ్మ తల ఎత్తకుండానే అంది, "ఈ ఏడు ఇంజనీరుగారి భార్యని తెచ్చావు. వచ్చే ఏడు వాళ్ల రాణీగారిని తెచ్చుకో వదినా. అప్పుడు చూద్దామంటారు."

దానమ్మ అక్కడి నుంచే ఇంటికి వెళ్లిపోవచ్చు. కాని తనను నమ్మి వచ్చిన మనిషి అక్కడ దండ వేసుకుని కూర్చుని ఉంది. పెద్ద గరిటె చేత పట్టుకుని, హాలు గుమ్మంలో నిలబడింది.

డోరీన్ లేచి మైకు ముందుకు వచ్చింది. పక్కనే జాన్ పాల్. మన సంఘాల్లో తర్జుమా చేసేవారికి ఒక పద్ధతి ఉంది. బోధకుడు "నేను" అంటే వారూ "నేను" అంటారు. అతడు చెయ్యెత్తితే వారూ ఎత్తుతారు, అతడు ఏడిస్తే వారి గొంతూ వణుకుతుంది. ఆలోచనకు తావివ్వని ఆ వేగంలో జాన్ పాల్‌ను మించినవాడు ఆ దీవిలో లేడని పేరు.

డోరీన్ మొదటి మాట అంది. జాన్ పాల్ అందుకున్నాడు. "మీ మధ్య నిలువబడుటకు నేను పాత్రురాలను కాను."

"ఆమెన్," అంది సభ.

"నా దేశములో నాబోటి స్త్రీని ఇట్టి కుర్చీలో ఎవరును కూర్చుండబెట్టరు."

"ఆమెన్," అన్నారు, గొంతులు కాస్త తగ్గించి.

డోరీన్ గుమ్మంలో గరిటెతో నిలబడి ఉన్న దానమ్మను చూసింది. ఆమె గొంతు మారింది. జాన్ పాల్ గొంతూ మారింది.

"నా తల్లి బడిలో వడ్డించు స్త్రీ. ప్రతి దినము పిల్లలకు ఉడికించిన బంగాళాదుంపలు వడ్డించెను. అందరు తినిన తరువాత, వంటగదిలో, నిలువబడి తినెను. కూర్చుండుమని ఆమెతో ఎవరును..."

అక్కడ ఆయన ఆగిపోయాడు. డోరీన్ వాక్యం ముగించి మర్యాదగా ఎదురు చూస్తోంది. జాన్ పాల్ మైకును రెండు చేతులా పట్టుకున్నాడు. తిరిగి మాట్లాడినప్పుడు ఆ మాటల్లో బైబిలు భాష లేదు.

"కూర్చోమని ఎవరూ అనలేదు మా అమ్మతో. హాస్టలు పిల్లలంతా తిని వెళ్లిపోయేవారు. పెద్ద కళాయి ముందు నిలబడి, అడుగున మిగిలిన గోంగూర పప్పు గీక్కుని తినేది. పేరు నరసాయమ్మ. ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. వంటమ్మా అనేవారు, అంతే."

లోవమ్మ దానమ్మ చెవిలో గుసగుసగా అడిగింది. "ఇంగ్లీషోళ్లకి గోంగూరుంటాదా?"

"ఉండదు. ఊరుకో."

"మరి హాస్టలు మాటెత్తాడేంటి ఇప్పుడు?"

"ఆయన పెరిగింది సామర్లకోట హాస్టల్లోనే. ఊరుకోవే."

జాన్ పాల్ కళ్లు తుడుచుకున్నాడు. సభ ఆమెన్ అనడం మరచిపోయింది. డోరీన్ ఆయన వైపు వంగి, తాను అంత పొడుగ్గా ఏమన్నానని నెమ్మదిగా అడిగింది.

"అన్నారు మేడం. చాలా బాగా అన్నారు," అని ఆయన ఇంగ్లీషులో జవాబిచ్చాడు. అది మైకులోంచి హాలంతా వినిపించి, ముందు నర్సులు, ఆ తర్వాత అందరూ నవ్వారు.

ప్రార్థన ముగియగానే జాన్ పాల్ కోటు విప్పి కుర్చీకి తగిలించి, గుమ్మం దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు. "ఆ గరిటె ఇలా ఇవ్వండి."

దానమ్మ ఇవ్వలేదు. "నాతోపాటు వీరలక్ష్మీ, లోవమ్మా, వంటగదిలో ఉన్నవాళ్లంతా కూర్చుంటారండి."

"ఒప్పందం మీ ఒక్కరికే కదా."

"నేనొక్కదాన్ని అడగడమే పొరపాటు. ఒక్కదాన్నని కదా వచ్చే ఏడుకి తోసేశారు."

ఆయన టైని చొక్కా గుండీల మధ్యకు దోపుకున్నాడు. "కూర్చోండి. అందరూ కూర్చోండి."

ఇక ఆ వడ్డన చూడవలసిందే. నర్సు బ్లెస్సీ కొంగు నడుముకు చుట్టుకుని, రోగులకు మందులు పంచినట్టు ముక్కలు లెక్కపెట్టి వేసింది. పట్టుచీరల పెద్దమ్మలు గరిటెను దూరంగా, పామును పట్టుకున్నట్టు పట్టుకున్నారు. క్యాంపు కుర్రవాళ్లు "యల్లా, యల్లా" అని అరబ్బీలో తొందరపెడుతూ నీళ్లు పోశారు, సగం గ్లాసుల్లో, సగం ఒళ్లో. వీరలక్ష్మి నవ్వలేక పొట్ట పట్టుకుంది.

"మా సిసిలీ అమ్మగారిని కూడా పిలుద్దామా వదినా, వచ్చే ఏడు?" అంది లోవమ్మ.

"పిలుద్దాం. వడ్డనకి."

ఆ మాటను తనకు కూడా చెప్పమని డోరీన్ పట్టుబట్టింది. వినగానే టోపీ జారిపోయేంతగా నవ్వి, తాను కూడా వడ్డిస్తానంటూ లేవబోయింది. దానమ్మ ఆమె మణికట్టు పట్టుకుని ఆపింది.

"కూర్చోండి మేడం. మీ అమ్మగారి బదులు కూర్చోండి."

డోరీన్ కూర్చుంది. ఆమె విస్తట్లోనూ దానమ్మ విస్తట్లోనూ ఆవిరి లేస్తోంది. జాన్ పాల్ పలావు బకెట్టు మోసుకుంటూ వచ్చి, ఒంగి, దానమ్మ ముందు ఆగాడు.

"ఇంకొంచెం వేయనా, అక్కా?"

"వేయండి. ఆ అంచున కాదు, మధ్యలో వేయండి. మసాలా మొత్తం ఒక పక్కకి తోసేస్తున్నారు," అంది దానమ్మ, ఎంత కఠినంగా అందామనుకున్నా గొంతులో సంతోషం దాగలేదు.

రెండవ బంతివారు అప్పటికే వచ్చి కుర్చీల వెనుక నిలబడ్డారు. వెనుక ఎవరైనా నిలబడితే గబగబా తినేసి లేవడం అక్కడి మర్యాద. దానమ్మ వెనక్కి తిరిగి చూసి, అందరికీ వందనాలు చెప్పి, తొందరపడకుండా పెరుగు అడిగింది.